తల్లి చక్రం, నాలుగు నకళ్లు: ఎంజీబీ అలాయ్ వీల్స్ పరీక్షల డైరీ

కారు 1971 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. పెదనాన్న నుంచి నాకు వచ్చింది. వెస్ట్ మారేడ్‌పల్లి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. వీల్స్ మాత్రం నేను విడిగా కొన్నవి. 14 అంగుళాల మినీలైట్ మెగ్నీషియం వీల్స్, స్టెప్నీతో కలిపి అయిదు, రూ.95,000. అమ్మినాయన పాత కార్ల వాళ్లందరికీ తెలిసిన మనిషే. "అయిదూ ఒరిజినల్, ఒకటే సెట్టు" అన్నారు. కింద రాసే లెక్కల్లో ఈ 95 వేలు కలపలేదు. కలిపితే రాయబుద్ధి కాదు.

ఈ వీల్స్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మినీలైట్ అనేది 1960లలో బ్రిటన్‌లో మినీ కార్ల రేసుల కోసం పుట్టిన ఎనిమిది స్పోకుల చక్రం. మొదట్లో మెగ్నీషియంతో పోశారు. అందం కోసం కాదు, బరువు తగ్గించడానికి. తర్వాత అదే పేరుతో అల్యూమినియంవీ వచ్చాయి. దాని రూపాన్ని కాపీ కొట్టినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాటిలో చాలా మంచివీ ఉన్నాయి. కాబట్టి "డూప్లికేట్" అన్నంత మాత్రాన పారేయాల్సిన వస్తువు అని కాదు. ఎవరు పోశారో, ఏ లోహంతో పోశారో, బరువు మోస్తుందో లేదో తెలియాలి. నా తిప్పలన్నీ అందుకే.

దశ 1: టైర్లు విప్పాక

తాడ్‌బండ్ దగ్గర పంక్చర్ షాపులో అయిదు టైర్లూ చేత్తోనే ఇప్పించాను. మెషీన్ వద్దన్నాను, అంచులు నొక్కుకుపోతాయని. నాలుగు విప్పాక స్టెప్నీది ఎత్తబోయి ఆ కుర్రాడు ఆగాడు.

"అన్నా, గిదొక్కటి గింత అల్కగున్నదేంది?"

రెండు చేతుల్లో రెండు పట్టుకున్నాను. చెప్పక్కర్లేదు, తేడా మోచేతికే తెలిసిపోతోంది. కొన్నప్పుడు అన్నిటికీ టైర్లున్నాయి కాబట్టి తెలియలేదు. ఇది మొదటి తప్పు: టైరు మీద ఉండగా అలాయ్ వీల్ కొనకండి.

ఇంటికి తెచ్చి మార్కర్‌తో 1 నుంచి 5 దాకా నంబర్లు వేశాను. స్టెప్నీ నంబరు 5. వాల్వ్ రంధ్రాన్ని గడియారంలో 12 అనుకున్నాను. "వాల్వ్ నుంచి మూడో స్పోకు" అని రాసుకుంటే తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అయిదింటి మీదా మినీలైట్ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. అయిదింటి మీదా సైజు అంకెలున్నాయి. అయస్కాంతం ఒక్కదానికీ అతుక్కోలేదు. అల్యూమినియానికీ అతుక్కోదు, మెగ్నీషియానికీ అతుక్కోదు. కాబట్టి ఆ పరీక్ష దండగ.

తర్వాత నిమ్మకాయ. మెగ్నీషియం మీద పులుపు పడితే బుస్సున నురగ వస్తుంది, అల్యూమినియం కదలదు. వినిగర్‌తోనూ చేయొచ్చు, వంటింట్లో నిమ్మకాయే దొరికింది. మొదటిసారి అయిదింటి మీదా ఏమీ కాలేదు. పెయింటు మీద పోసి నురగ కోసం చూస్తూ కూర్చున్నాను మరి!

1. హబ్ (చక్రం మధ్య భాగం) వెనక, కంటికి కనబడని చోట, రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో రుద్ది లోహం బయటపెట్టాలి.
2. రెండు చుక్కల నిమ్మరసం వేసి అర నిమిషం చూడాలి.
3. వెంటనే నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి. మెగ్నీషియం అయితే పులుపును ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

1, 2, 3, 4: ఏమీ లేదు. 5: సోడా పోసినట్టు నురగ.

అంటే 5 మెగ్నీషియం. మిగతావి కావు. కానీ డూప్లికేట్ అనడానికి ఇది చాలదు. ఇందాక చెప్పినట్టు మినీలైట్ పేరుతోనే అల్యూమినియంవీ వచ్చాయి. లోహం ఏదో చెబుతుంది గానీ ఎవరు పోశారో నిమ్మకాయకేం తెలుసు!

ఇప్పటివరకు: రూ.770 (టైర్లు 750, నిమ్మకాయలు 20). 3 గంటలు.

దశ 2: నీళ్లలో తూకం

ఆర్కిమెడిస్ లెక్కే. గాలిలో ఎంత తూగింది, నీళ్లలో మునిగి వేలాడుతూ ఎంత తూగింది చూడాలి. ఆ రెండింటి తేడా కేజీల్లో ఎంతో, చక్రం ఘనపరిమాణం లీటర్లలో అంత. గాలిలో బరువును దానితో భాగిస్తే సాంద్రత. అల్యూమినియం 2.70, మెగ్నీషియం 1.74. పోతకు వాడే మెగ్నీషియం మిశ్రమాలు 1.8 దగ్గర ఉంటాయి. అంత దూరం ఉన్నప్పుడు కళ్లు మూసుకుని చేసినా తేలాలి.

తేలలేదు. మొదటిసారి 1వ నంబరుకు వచ్చింది 2.30. అటు అల్యూమినియమూ కాదు, ఇటు మెగ్నీషియమూ కాదు. అరగంట ఆ అంకె వంక చూశాక మూడు తప్పులు దొరికాయి.

ఒకటి, సామాన్లు తూచే వేలాడే కాటా వాడాను. అది 50 గ్రాములకొక మెట్టు చూపిస్తుంది. రెండు, స్నానాల గదిలోని పెద్ద టబ్బులో ముంచాను. రిమ్ అంచు దాని పక్కకు ఆని ఉంది, కొంత బరువు టబ్బే మోసింది. మూడు, చక్రాన్ని బోర్లా దించాను. హబ్ కింద గాలి గిన్నెలో పట్టినట్టు ఇరుక్కుంది.

10 గ్రాముల మెట్టున్న కాటా కొన్నాను. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి పైభాగం కోసేశాను. డ్రమ్ము నింపాలంటే మంజీరా నీళ్లు వచ్చే రోజు దాకా ఆగాలి. వచ్చిన రోజు అమ్మ, "ఇంట్లో తాగడానికి బిందెలు నింపకుండా చక్రాలకు స్నానాలా?" అంది. ఆ నీళ్లతోనే సాయంత్రం మొక్కలకు పోస్తానని ఒప్పించాను.

1. వాల్వ్, బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలు, వాటి జిగురు అన్నీ తీసేయాలి. ఒక్క 30 గ్రాముల సీసం ఉన్నా అంకె కదులుతుంది.
2. నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలపాలి, బుడగలు అతుక్కోకుండా.
3. సన్నని నైలాన్ తాడుతో వేలాడదీసి, ఏటవాలుగా దించి, నీళ్లలో ఒకసారి తిప్పాలి.
4. అడుగుకూ పక్కలకూ తగలడం లేదని చేత్తో తడిమి చూడాలి.
5. మూడుసార్లు తూచి మధ్య అంకె తీసుకోవాలి.

ఈసారి వచ్చినవి (గాలిలో, నీళ్లలో, సాంద్రత):

1: 7.26 కేజీ, 4.56 కేజీ, 2.69
2: 7.31 కేజీ, 4.58 కేజీ, 2.68
3: 7.19 కేజీ, 4.51 కేజీ, 2.68
4: 7.28 కేజీ, 4.52 కేజీ, 2.64
5: 4.96 కేజీ, 2.23 కేజీ, 1.82

నిమ్మకాయ చెప్పిందే కాటా కూడా చెప్పింది. కొత్తగా చెప్పింది 4వ నంబరు గురించి. అదే పోత అయితే 2.68 రావాలి. ఒకటిన్నర శాతం తక్కువ వచ్చింది. కాటా తప్పిదం అర శాతానికి మించదు. మళ్లీ మళ్లీ తూచాను, అదే అంకె. లోపల లోహం ఉండాల్సిన చోట గాలి ఉందేమో అని పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను. ఆ గీత తర్వాత పనికొచ్చింది.

సాగగొట్టి చేసిన చక్రాల మీద (పాత పోర్షే కార్ల ఫుక్స్ వీల్స్ లాంటివి) ఈ పరీక్ష పనిచేయదు. అసలుదీ అల్యూమినియమే, పోత పోసిన నకలూ అల్యూమినియమే. సాంద్రత ఒక్కటే వస్తుంది.

ఇప్పటివరకు: రూ.4,480 (పనికిరాని కాటా 650, పనికొచ్చిన కాటా 2,300, డ్రమ్ము 700, తాడు 60 కలిశాయి). 9 గంటలు.

దశ 3: బంగారం మెషీన్ దగ్గర భంగపాటు

దీన్ని త్వరగా ముగిస్తాను. సికింద్రాబాద్‌లో బంగారం స్వచ్ఛత చూసే షాపులో ఎక్స్‌రే మెషీన్ ఉంటుంది కదా, రెండు లోహాల రజను చూపిస్తే క్షణంలో చెప్పేస్తుంది అనుకున్నాను. 2వ నంబరు నుంచీ 5వ నంబరు నుంచీ ఆకురాయితో చిటికెడు రజను తీసి రెండు పొట్లాలు పట్టుకెళ్లాను. మెషీన్ మొదటి పొట్లంలో రాగి, ఇనుము ఎక్కువున్నాయంది. రెండోదాంట్లో జింకు ఎక్కువుందంది. షాపాయన నా వంక జాలిగా చూశాడు.

కారణం తర్వాత అర్థమైంది. మెగ్నీషియం, అల్యూమినియం లాంటి తేలిక లోహాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు చాలా బలహీనం. మధ్యలో ఉన్న గాలే వాటిని మింగేస్తుంది. మెషీన్‌కు కనబడింది బరువైన లోహాల పిసరు మాత్రమే. దాన్నే వంద శాతంగా లెక్కగట్టి చూపించింది.

మెగ్నీషియం రజను విషయంలో ఒక జాగ్రత్త. ఆ పొడి అంటుకుంటే తెల్లటి మంటతో మండుతుంది, దాని మీద నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. పక్కన పొడి ఇసుక బకెట్ లేకుండా ఆకురాయి పట్టకండి, గ్రైండర్ అసలే పెట్టకండి. నేను తీసింది చిటికెడే అయినా గ్రైండర్ ఉన్న బల్ల మీదే తీశాను. బుద్ధి తక్కువ పని.

ఇప్పటివరకు: రూ.4,780. 11 గంటలు.

దశ 4: వెర్నియర్, పెయింటు

ఇక్కడ చూడాల్సింది ఒక చిన్న విషయం. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అల్యూమినియం అయితే దాదాపు 1.3 శాతం. అందుకే లోహం పోత పోసే ఫౌండ్రీలో అచ్చు తీసే నమూనాను, అంటే ప్యాటర్న్‌ను కావలసిన సైజు కంటే అంత మేర పెద్దగా చేస్తారు. అలా కాకుండా ఎవరైనా ఒక అసలు చక్రాన్నే ఇసుకలో నొక్కి అచ్చు తీసి పోస్తే, వచ్చిన నకలు అసలుకంటే 1.3 శాతం చిన్నదవుతుంది. లేత్ మీద కోసిన చోట్ల ఈ తేడా కనబడదు. బోల్టు రంధ్రాలు, మధ్య బొక్క, టైరు కూర్చునే అంచు కొలతకే కోస్తారు కదా, లేకపోతే కారుకు ఎక్కదు. కోత పడని చోట్లనే కొలవాలి: అక్షరాలు, స్పోకుల పక్కలు, వెనక పక్కటెముకలు.

ముందు కోత పడ్డ చోట్లు. ఎంజీబీకి నాలుగు బోల్టులు 114.3 మి.మీ. వృత్తం మీద ఉంటాయి. ఎదురెదురు రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరానికి ఒక రంధ్రం వ్యాసం కలిపితే చాలు. అయిదూ 114.3 దగ్గరే, అటూ ఇటూ 0.1.

తర్వాత అక్షరాలు. మినీలైట్ పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా: 5వది 62.5, మిగతావి 62.0 నుంచి 62.2. తేడా అర శాతం. ఇదేం లెక్క? 1.3 అయినా రావాలి, సున్నా అయినా రావాలి. రెండు సాయంత్రాలు వేర్వేరు చోట్ల కొలిచాను. ఒకచోట 0.4 శాతం, ఒకచోట 0.9. సిద్ధాంతమే తప్పేమో అని పక్కన పెట్టేశాను కూడా.

మూడో రోజు 3వ నంబరు అక్షరం మీద గోరు పెడితే పెళుసుగా ఒక పెచ్చు ఊడొచ్చింది. దాని మందం కొలిస్తే 0.28 మి.మీ. పౌడర్ కోటింగ్, అంటే పొడి చల్లి వేడికి కరిగించే పెయింటు! నాలుగు చక్రాలకూ దట్టంగా కొట్టారు. అక్షరానికి ఇటు 0.28, అటు 0.28. నేను వెతుకుతున్న తేడాలో సగానికి పైగా పెయింటే తినేసింది. 5వదాని మీద పలచటి పాత స్ప్రే పెయింటు మాత్రమే ఉంది.

పెయింట్ రిమూవర్ డబ్బా తెచ్చి అయిదూ ఒలిచాను. ఆమ్లం లేని రకమే వాడాలి, మెగ్నీషియానికి ఆమ్లం పడదు. ఈ పని ఆరు గంటలు పట్టింది, రెండు జతల గ్లవ్స్ పోయాయి. 5వదాని లోపలి అంచు చుట్టూ పెయింటు కింద బూడిదరంగు పుట్టీ దొరికింది, కార్ల డెంటింగ్‌కు వాడే రకం. ఎవరో పాత నొక్కుడు సరిచేశారు కాబోలు అనుకుని గీకేశాను. ఫోటో కూడా తీయలేదు. తీయాల్సింది.

ఒలిచాక మళ్లీ కొలతలు (5వది, మిగతా నాలుగింటి సగటు, తేడా):

పేరు పొడవు: 62.4, 61.6, 1.3 శాతం
వెనక ఎదురెదురు పక్కటెముకల మధ్య: 186.0, 183.6, 1.3 శాతం
అక్షరాల ఉబ్బు: 0.8, 0.5
రిమ్ గోడ మందం: 5.2, 6.2

చివరి రెండూ వేరే కథ చెబుతాయి. ఇసుక అచ్చులో అక్షరం అంచు మొద్దుబారింది. రిమ్ గోడ మాత్రం పల్చగా పోయడానికి ధైర్యం చాలక మందంగా పోశారు.

ఇప్పటివరకు: రూ.5,840 (రిమూవర్ 900, గ్లవ్స్, బ్రష్షులు 160 కలిశాయి). 20 గంటలు.

దశ 5: బాలానగర్

బాలానగర్‌లో పాత ప్యాటర్న్ మేస్త్రి ఒకాయన ఉన్నారు. చిన్న ఫౌండ్రీలకు చెక్క ప్యాటర్న్‌లు చేసేవారు, ఇప్పుడు కొడుకు షాపులో కూర్చుంటారు. 2, 5 నంబర్లు స్కూటర్ మీద పెట్టుకుని పోయాను. కొలతల కాగితం ఇచ్చాను. దాన్ని చూడకుండా పక్కన పెట్టి, బల్ల సొరుగులోంచి రెండు స్టీలు స్కేళ్లు తీశారు. చూడ్డానికి రెండూ ఒకటే. పక్కపక్కన పెడితే ఒకదాని మీది 300 గీత రెండోదానికంటే దాదాపు 4 మి.మీ. ముందుకు పోయింది.

"ఇది ష్రింకేజీ స్కేలు బిడ్డా, అల్యూమినియంది. ప్యాటర్న్ జేసెటప్పుడు దీంతోని కొలుస్తం. పోసినంక మామూలు స్కేలుతోని కొలిస్తె సరిగ్గొస్తది."

పొడుగు స్కేలును 5వదాని పక్కటెముకల మీద పెట్టారు. 183న్నర దాటి ఒక వెంట్రుక. మామూలు స్కేలును 2వదాని మీద పెట్టారు. 183న్నర దాటి ఒక వెంట్రుక. నేను తొమ్మిది గంటలు పడ్డ కష్టం ఆయన రెండు స్కేళ్లతో ఒక నిమిషంలో తేల్చేశారు.

తర్వాత బొటనవేలితో 5వదాని అక్షరాలు తడిమారు. చివరి ఇంగ్లిష్ 'ఈ' అక్షరం దగ్గర ఆగారు. దాని మధ్య గీత కొసన ఎప్పుడో దెబ్బ తగిలి చిన్న ముక్క లేచిపోయింది. అదే వేలు 2వదాని 'ఈ' మీద పెట్టారు.

"నువ్వు సూడు."

నా వేలు పెట్టాను. అదే చోట అదే గంటు. అంచులు మెత్తబడ్డాయి అంతే.

"దెబ్బ తల్లికి తగిలింది. పిల్లలకు పుట్టుకతోని వచ్చింది."

ఇంటికొచ్చి 1, 3, 4 కూడా చూశాను. అన్నిటికీ ఉంది. నాలుగు చక్రాలకు ఒకే అక్షరం మీద ఒకే చోట దెబ్బ తగలదు కదా. అంటే ఈ నాలుగూ ఎక్కడి నుంచో వచ్చిన కాపీలు కావు. నా దగ్గరున్న 5వ నంబరునే ప్యాటర్న్‌గా పెట్టి పోసినవి. ఒకటే సెట్టు అని అమ్మినాయన అన్న మాట ఒకరకంగా నిజమే!

పుట్టీ సంగతి చెబితే మేస్త్రి నవ్వారు. లేత్ మీద కోయడానికి లోహం ఎక్కువ ఉండాలి. అందుకే ప్యాటర్న్ అంచుల మీద పుట్టీ పెట్టి మందం పెంచుతారట. రిమ్ గోడలు 6.2 మి.మీ. ఎందుకున్నాయో కూడా దాంతో తేలింది. నేను గీకి పారేసింది పాత రిపేరు కాదు, సాక్ష్యం.

ఎక్కడ పోసి ఉంటారని అడిగాను. "మన తాన్నే అయ్యుంటది. ఎవలు పోసిండ్రో జెప్ప" అన్నారు. నేనూ రెట్టించలేదు.

ఇప్పటివరకు: రూ.6,040 (పెట్రోలు 200). 23 గంటలు.

దశ 6: ఎర్ర రంగు, తెల్ల పొడి

నకలు అని తేలింది సరే, నడపొచ్చా? పగుళ్లు చూసే డై కిట్టు రాణిగంజ్‌లో దొరుకుతుంది. మూడు స్ప్రే డబ్బాలు: క్లీనర్, ఎర్ర డై, తెల్ల డెవలపర్. ఎర్ర రంగు పగుళ్లలోకి దూరుతుంది, పైన తుడిచేసి తెల్ల పొడి కొడితే లోపలిది బయటికి పీల్చుకుని గీతలా కనబడుతుంది.

మొదటి రౌండులో అయిదూ తెల్లగా మెరిశాయి, ఒక్క చుక్క లేదు. సంతోషం పది నిమిషాలే. ఎర్ర రంగు తుడవడానికి క్లీనర్‌ను నేరుగా చక్రం మీదే కొట్టానని గుర్తొచ్చింది. అలా కొడితే పగుళ్లలో దాక్కున్న రంగు కూడా కడుక్కుపోతుంది. డబ్బా మీద రాసే ఉంది, చదవలేదు. మళ్లీ మొదటి నుంచి:

1. క్లీనర్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.
2. ఎర్ర డై కొట్టి 20 నిమిషాలు వదిలేయాలి.
3. పొడి గుడ్డతో తుడవాలి. తర్వాత గుడ్డ మీద క్లీనర్ కొట్టి ఆ గుడ్డతో తుడవాలి. చక్రం మీద కొట్టకూడదు.
4. డెవలపర్ పల్చగా, ఒక చెయ్యి దూరం నుంచి.
5. 10 నిమిషాల తర్వాత మంచి వెలుతురులో చూడాలి.

1, 2, 3: రిమ్ లోపలి వైపు అక్కడక్కడా ఎర్ర చుక్కలు, గీతలు లేవు. 5: పగుళ్లు లేవు. టైరు అంచు కూర్చునే చోట తుప్పు గుంటలు మాత్రం పుట్టుమచ్చల్లా లేచాయి. 4: వాల్వ్ నుంచి మూడో స్పోకు, హబ్‌ను కలిసే చోట 14 మి.మీ. గీత. దాని పక్కన చిన్న చుక్కల గుంపు. చూస్తుండగానే గీత లావెక్కింది. అంటే లోతుగా ఉంది, రంగు ఇంకా వస్తూనే ఉంది.

నీళ్లలో తక్కువ తూగింది కూడా 4వ నంబరే.

ఇప్పటివరకు: రూ.7,540. 28 గంటలు.

దశ 7: నాలుగో నంబరు కోత

కోసేశాను. బ్యాండ్ సా ఉన్నచోట రూ.400 తీసుకున్నారు. మూడో స్పోకు మొదట్లో అడ్డంగా కోసిన ముఖం అటుకుల ఉండలా ఉంది. చాలా బొక్కలు సూదిమొనంత, పెద్దది 3 మి.మీ. ఆ పెద్దదాని గోడకు బూడిదరంగు తొక్క, కరిగిన లోహం పైన తేలే మడ్డి అచ్చులోకి పోయినట్టుంది. స్పోకు లావుగా ఉండి చివర్న చల్లారే చోటు అది. అక్కడికి లోహం అందేలా రైజర్ (చల్లారేటప్పుడు అదనపు లోహం అందించే గుంట) పెట్టలేదు.

ఒక ముక్క లోహాల ల్యాబులో ఇచ్చాను. స్పార్క్ కొట్టి చూసే పద్ధతి, తేలిక లోహాలు కూడా తేలతాయి. సిలికాన్ 9.4 శాతం, రాగి 2.3, జింకు 1.1, ఇనుము 0.9. కార్ల చక్రాలకు ఎక్కువగా వాడే ఏ356 రకం అల్యూమినియంలో సిలికాన్ 7 దగ్గర, ఇనుము, రాగి చెరో 0.2కు లోపే ఉండాలి. అల్యూమినియంలో ఇనుము పెరిగితే లోపల సూదుల్లాంటి పెళుసు పలుకులు కడతాయి. గుంతలో పడ్డప్పుడు వంగాల్సిన చక్రం విరుగుతుంది. ఫోన్లో అంకెలు చదివితే మేస్త్రి, "పాత ఇంజన్ కేసింగులు కరగబెట్టి పోసిండ్రు" అన్నారు.

1, 2, 3 నంబర్ల ముక్కలు ల్యాబుకు ఇవ్వలేదు. ఒకే తల్లి, ఒకే పెచ్చు, ఒకే మందం. నా ప్రాణం మీద పందెం కాయకూడదని తెలియడానికి ఇంకో రిపోర్టు అక్కర్లేదు. ఆ మూడింటినీ పలక కింద స్టాండ్లుగా వాడుతున్నాను.

అమ్మినాయనకు కోసిన ముఖం ఫోటో, రెండు స్కేళ్ల ఫోటో పంపాను. తనూ నమ్మే కొన్నానన్నారు. సగం నమ్మాను. రూ.40,000 తిరిగిచ్చారు.

ఇప్పటివరకు: రూ.9,140 (కోత 400, ల్యాబు 1,200 కలిశాయి). 32 గంటలు.

దశ 8: మళ్లీ ఇనుప చక్రాలు

కారుతో వచ్చిన రోస్టైల్ ఇనుప చక్రాలు అటక మీద ఉన్నాయి. 1970 మోడల్ నుంచి ఎంజీబీకి కంపెనీయే ఇచ్చినవి. దుమ్ము దులిపి, రెండు చోట్ల తుప్పు గీకి, టైర్లు ఎక్కించి బ్యాలెన్స్ చేయించాను. నట్లు 65 పౌండ్ అడుగులకు, అంటే 88 న్యూటన్ మీటర్లకు బిగించాను, ఎదురెదురుగా.

5వ నంబరు కారుకు ఎక్కించను. టైరు అంచు దగ్గర తుప్పు గుంటల్లో లోతైనది 0.9 మి.మీ., గోడ మందమే 5.2. దానికి ఇప్పుడు చేయాల్సింది క్రోమేట్ ట్రీట్‌మెంట్, తుప్పు పట్టకుండా వేసే రసాయన పూత. మెగ్నీషియం మీద ఆ పని చేసేవాళ్లను వెతుకుతున్నాను. దొరికేదాకా పలచగా నూనె రాసి బట్టలో చుట్టి అల్మరా మీద పెట్టాను. ఇసుక కొట్టి శుభ్రం చేయిస్తానని ఒకరు ముందుకొచ్చారు గానీ వాళ్లు వాడేది ఇనుప రవ్వ. మెగ్నీషియంలో ఇనుము గుచ్చుకుంటే ఆ చుక్క దగ్గరే తుప్పు మొదలవుతుంది. వద్దన్నాను.

ఇప్పటివరకు: రూ.10,340 (టైర్లు, బ్యాలెన్సింగ్ 1,200). 36 గంటలు.

ఆదివారం పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు శామీర్‌పేట చెరువు దాకా పోయి వచ్చాను, మొత్తం 50 కి.మీ. ఇంటికొచ్చి చల్లారాక పదహారు నట్లూ టార్క్ రెంచ్‌తో చూశాను. ముందు ఎడమ చక్రానికి ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. దాని కింద పెయింటు నలిగి ఉంది. గీకి, మళ్లీ 88కి బిగించాను. ఇంకో 100 కి.మీ. తర్వాత మళ్లీ చూడాలి.